ఈజిప్టు పల్లెల్లో వైద్య పరిచర్య: సూది పట్టే ముందు తెలియవలసిన కథ

[తెరపై: చెరకు తోటల మధ్య పంట కాలువ. మోకాలి లోతు నీటిలో ఒక బాలుడు గేదెను కడుగుతున్నాడు.]

ఈ నీటిలో కంటికి కనబడని పురుగులు ఉండవచ్చు. ఒడ్డున పాచిలో బతికే చిన్న నత్తల ఒంట్లో అవి పెరుగుతాయి. నీటిలోకి వచ్చాక, అందులో దిగినవారి చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోతాయి. కొన్నాళ్లకు మూత్రంలో నెత్తురు పడుతుంది. ఈ జబ్బు పేరు బిల్‌హార్జియా. 1851లో కైరోలో పనిచేస్తున్న జర్మన్ వైద్యుడు థియోడార్ బిల్‌హార్జ్ ఆ పురుగును కనిపెట్టాడు. అయితే జబ్బు అంతకన్నా ఎంతో పాతది. ఫరోల కాలపు మమ్మీలలోనూ దీని గుడ్లు దొరికాయి.

నమస్కారం. చర్చి తరఫున ఈజిప్టు పల్లెల్లో వైద్య శిబిరానికి వెళ్లాలనుకునే డాక్టర్లు, నర్సులు, వైద్య విద్యార్థుల కోసం ఈ వీడియో. ఏమేం సర్దుకోవాలో తర్వాత చెబుతాను. ముందు ఆ పల్లెలకు తగిలిన ఒక పాత గాయం గురించి చెప్పాలి. అది తెలియకుండా అక్కడ ఎవరూ సూది పట్టకూడదని నా గట్టి నమ్మకం.

[తెరపై: గాజు సిరంజీ, నీళ్లు మరిగే స్టీలు పళ్లెం. వెనక పొడవైన వరుస.]

1950ల నుంచి 1980ల దాకా ఈజిప్టు ప్రభుత్వం బిల్‌హార్జియాను తరిమికొట్టడానికి ఊరూరా తిరిగింది. అప్పటి మందు టార్టార్ ఎమెటిక్. అది నరానికి ఎక్కించే మందు. ఒకటి రెండు సూదులతో అయ్యేది కాదు, వారాల తరబడి వేయించుకోవాలి. జనం ఎక్కువ, సిరంజీలు తక్కువ. ఒకరికి వాడిన సూదిని సరిగా మరిగించకుండానే మరొకరికి వాడారు. వేసినవారి మనసులో కీడు లేదు. చాలామందికి జబ్బు నయమైంది కూడా. కానీ అవే సూదుల వెంట హెపటైటిస్ సి వైరస్ పాకింది. ఆ వైరస్‌ను శాస్త్రవేత్తలు గుర్తించిందే 1989లో. ఇరవై, ముప్పై ఏళ్లు చప్పుడు లేకుండా కాలేయాన్ని తినేసే జబ్బు అది. 2008 నాటి సర్వేలో 15 నుంచి 59 ఏళ్లవారిలో నూటికి దాదాపు 15 మంది రక్తంలో దాని ఆనవాళ్లు కనిపించాయి.

మేలు చేయాలని వచ్చినవారి చేతుల మీదుగానే ఇంత జరిగింది. ఈ మాట తలచుకున్నప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది.

ఆ గాయాన్ని మళ్లీ ఈజిప్టే మాన్పుకుంది. 2018లో మొదలుపెట్టిన కార్యక్రమంలో ఏడు నెలల్లోనే దాదాపు 5 కోట్ల మందికి పరీక్షలు చేసి, వైరస్ ఉన్నవారికి మాత్రలు ఉచితంగా ఇచ్చారు. హెపటైటిస్ సి నిర్మూలన దిశగా చేసిన ఈ కృషికి 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి బంగారు స్థాయి గుర్తింపు వచ్చింది. ఇంత పని చేసిన దేశానికి మనం ఒక వారం చేదోడుగా వెళుతున్నాం, అంతే.

[తెరపై: నైలు పక్కగా సాగే రైలు. పటంలో మినియా, అస్యూత్, సోహాగ్.]

ఈ శిబిరాలు ఎక్కువగా ఎగువ ఈజిప్టులో, అంటే దేశపు దక్షిణ భాగంలో జరుగుతాయి. కైరో నుంచి దక్షిణానికి రైలెక్కితే నాలుగు గంటలకు అటూ ఇటుగా మినియా చేరతాం. కోప్టిక్ క్రైస్తవులు, అంటే ఈజిప్టు ప్రాచీన చర్చికి చెందినవారు ఎక్కువగా ఉండే జిల్లాలివి. చర్చి ఆవరణలో బల్లలు వేస్తారు. ఊరి ఫాదరును అందరూ అబూనా అని పిలుస్తారు, అంటే మా తండ్రి అని. వరుసలో ముస్లిములు కూడా ఉంటారు. వారికీ అదే వరుస, అదే మందు. మందుల బల్ల మీద మత పత్రికలు పెట్టవద్దు. జ్వరంతో వచ్చిన మనిషిని ఆ జ్వరం గురించే అడగాలి.

[తెరపై: నల్లటి దుస్తుల్లో ఒక పెద్దావిడ. వేలి చివర నెత్తుటి చుక్క. మీటరుపై 312.]

ఈమెకు ఉన్నది చక్కెర వ్యాధి. అక్కడ దాన్ని సుక్కర్ అంటారు. మన చక్కెర, వారి సుక్కర్ రెండూ సంస్కృతంలోని శర్కర నుంచి వచ్చినవే, కాబట్టి ఈ మాట మీకు ఇట్టే పట్టుబడుతుంది. రొట్టె తగ్గించమని చెప్పడమే కష్టం. పిండిని ఎండలో పొంగనిచ్చి కాల్చే ఆ పల్లె రొట్టె పేరు ఐష్ షమ్సీ. ఐష్ అంటే రొట్టె. బతుకు అనే అర్థం కూడా ఉంది. మన అమ్మమ్మను అన్నం మానేయమంటే ఎలా చూస్తుందో ఈమె కూడా మిమ్మల్ని అలాగే చూస్తుంది. మానేయమనకండి. పూటకు ఎన్ని తింటుందో అడిగి, ఒకటి తగ్గించమనండి.

ఇంకొక ప్రశ్న తప్పకుండా అడగండి: మీరు ఉపవాసం ఉన్నారా? కోప్టులకు ఏడాదిలో 200కు పైగా ఉపవాస దినాలు ఉంటాయి. ఆ రోజుల్లో మాంసం, గుడ్లు, పాలు ముట్టరు. కొందరు మధ్యాహ్నం దాకా మంచినీళ్లు కూడా తాగరు. ముస్లిములకు రంజాన్ ఉండనే ఉంది. ఖాళీ కడుపున వేసుకున్న చక్కెర వ్యాధి మాత్ర మనిషిని కళ్లు తిరిగి పడిపోయేలా చేయగలదు. మందుల చీటీ మీద సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ గీసి, పక్కన అరబిక్ అంకెలు రాయించండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒక మామూలు నోటు పుస్తకం. పేరు, ఊరు, కొలత, ఇచ్చిన మందు అందులో అరబిక్‌లోనే రాయించి, మీరు బయలుదేరే ముందు ఊళ్లో ఉండే నర్సు చేతిలో పెట్టండి. పది రోజుల మాత్రలిచ్చి బస్సెక్కితే, పదకొండో రోజున ఈ పెద్దావిడ ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఆ జవాబు లేని శిబిరం పెట్టకపోవడమే మేలంటాను.

ఇక ప్రయాణం సంగతి. పర్యాటక వీసా మీద వెళ్లి వైద్యం చేయకూడదు. అక్కడి అధికారుల అనుమతిని పిలిచిన చర్చి ద్వారా ముందే తీసుకోవాలి. మందులు వీలైనంత వరకు ఈజిప్టులోనే కొనండి. నొప్పికి వాడే ట్రమడాల్‌పై అక్కడ కఠిన నియంత్రణ ఉంది. దాదాపు 300 మాత్రలు తెచ్చిన ఒక బ్రిటిష్ పర్యాటకురాలికి 2017లో మూడేళ్ల జైలు శిక్ష పడింది. 2017లోనూ, 2018లోనూ మినియాలో మఠానికి వెళ్లే కోప్టు యాత్రికుల బస్సులపై కాల్పులు జరిగాయి. అందుకే పోలీసులు, అబూనా ఆగమంటే ఆగాలి.

సంచిలో మీటరు స్ట్రిప్పులు, చేతి తొడుగులు, వాడిన సూదులు వేసే గట్టి డబ్బా ఉండాలి.

[తెరపై: పెద్దావిడ చెయ్యి. మూసి ఉన్న సిరంజీ పొట్లం.]

రక్తం తీయవలసి వస్తే తొందరపడకండి. ఆ వరుసల్లో చిన్నప్పుడు నిలబడిన తరం ఈమెది. పొట్లాన్ని ఆమె చేతికిచ్చి చూడనివ్వండి. ఆమె చూస్తుండగా చింపండి. అప్పుడు చెయ్యి చాపమని అడగండి.