ఫోన్-ఇన్: లెక్క వచ్చు, లిమిట్లే రావు

యాంకర్: బీటెక్ మ్యాథ్స్‌లో మీ సందేహాలకు మన లెక్కల సార్ జవాబు చెప్తారు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మొదటి కాల్. హలో, చెప్పండి.

శ్రోత: హలో... సార్ ఉన్నారాండీ?

యాంకర్: ఉన్నారు. రేడియో సౌండ్ కాస్త తగ్గించండి.

శ్రోత: తగ్గించాను. నమస్తే సార్. నేను బీటెక్ ఫస్టియర్. ఇంటర్లో మ్యాథ్స్‌లో 75కి 74 వచ్చాయి. ఇక్కడ మాత్రం మ్యాథ్స్ పోయింది, సప్లీకి ఫీజు కట్టాను. డబుల్ ఇంటిగ్రల్స్, అదే రెండుసార్లు ఇంటిగ్రేట్ చేసే లెక్కలు, అన్నీ చదివాను సార్. హాస్టల్లో మావాళ్ళు ఐదు ఇంపార్టెంట్ క్వశ్చన్స్ చదివితే చాలంటున్నారు. ఇంట్లో నాన్నేమో, అన్ని మార్కులు వచ్చినవాడివి నీకేమైందిరా అని...

సార్: ఆగు బాబూ. చదివానంటే ఏం చేశావు?

శ్రోత: చేసి ఉన్న లెక్కలు చూశాను సార్. చూస్తుంటే అన్నీ అర్థమవుతాయి.

సార్: చూస్తుంటే నాకు వంట కూడా అర్థమవుతుంది. కాగితం ఉందా? రాసుకో. ఇ పవర్ వై స్క్వేర్. లోపల డీవై, ఎక్స్ నుంచి 1 వరకు. బయట డీఎక్స్, 0 నుంచి 1 వరకు. చెయ్యి.

శ్రోత: ఇ పవర్ వై స్క్వేర్‌కి... ఏదో ఫార్ములా ఉంటుంది కదా సార్?

సార్: లేదు. మనకు తెలిసిన ఫంక్షన్లతో దాని ఇంటిగ్రల్ రాయలేం. అందుకే డీవై, డీఎక్స్ చేసే వరుస మార్చాలి. మార్చే ముందు ఏం చేయాలి?

శ్రోత: ఎక్కడి నుంచి ఎక్కడి వరకు అనే ఆ లిమిట్స్ తిప్పి రాయాలి.

సార్: బొమ్మ గీయాలి! బొమ్మ లేకుండా లిమిట్ వేయొద్దు. వై ఈక్వల్ టు ఎక్స్ అనే వాలు గీత, పైన వై ఈక్వల్ టు 1, ఎడమన వై అక్షం. ఏమొచ్చింది?

శ్రోత: త్రిభుజం.

సార్: అందులో అడ్డంగా ఒక గీత గీయి. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది?

శ్రోత: ఎక్స్ 0 దగ్గర మొదలై... 1 దగ్గర.

సార్: బొమ్మ చూసి చెప్పు నాయనా.

శ్రోత: ఆఁ... వాలు గీత దగ్గర. ఎక్స్ ఈక్వల్ టు వై.

సార్: కదా! ఎక్స్ 0 నుంచి వై వరకు, ఆ తర్వాత వై 0 నుంచి 1 వరకు. లోపలిది చేస్తే బయట వై చేరుతుంది: వై ఇంటు ఇ పవర్ వై స్క్వేర్. వై స్క్వేర్‌ని టీ అనుకో. జవాబు, ఇ మైనస్ 1 మొత్తం బై 2.

శ్రోత: వచ్చేసింది సార్! అయితే ఆ ఐదు క్వశ్చన్స్ చాలంటారా?

సార్: ఇంతసేపు ఏం చెప్పాను? పేపర్లో ఒక్క లిమిట్ మారిస్తే నీ ఐదూ పోయినట్టే. రోజుకు నాలుగు లెక్కలు, పుస్తకం మూసి చెయ్యి. ఆగిపోయిన చోట ఆ ఒక్క లైను చూసుకుని మళ్ళీ మూసెయ్. మర్నాడు అదే లెక్క ఇంకోసారి.

యాంకర్: థాంక్యూ. కూకట్‌పల్లి, చెప్పండి.

శ్రోత: సార్, ఎక్స్, వైల బదులు ఆర్, థీటాలు వాడే పోలార్‌లోకి మారిస్తే నాకు ప్రతిసారీ జవాబు తప్పుతోంది.

సార్: డీఆర్ డీథీటా ముందు ఆర్ రాస్తున్నావా అమ్మా?

శ్రోత: ఆర్... లేదు సార్.

సార్: వ్యాసార్ధం 1 ఉన్న వృత్తం వైశాల్యం చేసి చూడు. పై రావాలి. ఆర్ మరిస్తే 2 పై వస్తుంది. ఒక్కసారి అలా చేస్తే ఇక మరిచిపోవు.

యాంకర్: ఉప్పల్ నుంచి ఒక తండ్రిగారు.

శ్రోత: మా అమ్మాయికి ట్యూషన్ పెట్టించమంటారా సార్?

సార్: ముందు ఆన్‌లైన్‌లో ఎన్‌పీటెల్ అని ఉంటుంది, అందులో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు చూడమనండి, ఉచితమే. అయితే పాఠం ఆపి లెక్క తనే... హలో?

యాంకర్: లైన్ కట్ అయింది. మెహదీపట్నం.

శ్రోత: గ్రీన్, స్టోక్స్, గాస్ సిద్ధాంతాలు మూడూ కలిసిపోతున్నాయి సార్.

సార్: అంచు ఏదో, లోపల ఏముందో చూడమ్మా. కాగితం మీద మూసిన గీత, లోపల వైశాల్యం: గ్రీన్. గాలిలో వలలాంటి ఉపరితలం, దాని అంచు: స్టోక్స్. మూసిన డబ్బా, లోపల ఘనపరిమాణం: గాస్. ఆ గ్రీన్ ఇంగ్లండులో పిండిమర నడిపినవాడు, బడికి వెళ్ళింది చాలా తక్కువ. 1828లో తన గణిత వ్యాసాన్ని సొంతంగా అచ్చు వేయించాడు. మీకు కాలేజీ బస్సు కూడా ఉంది! గ్రీన్‌లో అంచు వెంట తిరిగే దిశ మాత్రం గడియారానికి ఎదురుగా, బొమ్మ మీద బాణం వేసుకో.

యాంకర్: ఆఖరి కాల్. హలో?

శ్రోత: సార్, నేనే, దిల్‌సుఖ్‌నగర్. ట్రిపుల్ ఇంటిగ్రల్‌కి కూడా బొమ్మ గీయాలా?

సార్: గీయాలి!

శ్రోత: నాకు మూడు డైమెన్షన్ల బొమ్మ రాదు సార్.

సార్: నాకూ సరిగా రాదు. నేల మీద దాని నీడ గీయి. జెడ్‌కి కింద ఏది, పైన ఏది అని రాసుకో. మిగతా రెండు లిమిట్లు ఆ నీడలోంచి వస్తాయి.

యాంకర్: సార్, టైమ్ అయిపోయింది.

సార్: బాబూ, పెన్సిల్‌తో గీయి, పెన్నుతో కాదు.