గేర్‌బాక్స్ జారుతోందా? ముందు రుజువు చేసుకుందాం
(డల్లాస్ ప్రాంతంలో పాత స్కీ బోట్లు ఉన్న తెలుగు మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

లూయిస్‌విల్ లేక్ మీదా, రే హబ్బర్డ్ మీదా ఈమధ్య మనవాళ్ళ బోట్లు బాగానే కనిపిస్తున్నాయి. కొత్త బోటు ధర చూసి, ఎనభైల్లోనో తొంభైల్లోనో తయారైన స్కీ నాటిక్, మాస్టర్‌క్రాఫ్ట్ లాంటి, నీళ్ళ మీద స్కీయర్లను లాగే బోట్లు కొనుక్కున్నవాళ్ళు ఈ గదిలోనే చాలామంది ఉన్నారు. మంచి పని చేశారు. ఆ బోట్లలో దాచినదంటూ ఏమీ ఉండదు. ఇంజన్ బాక్స్ ఎత్తితే ఇంజన్, దాని వెనక గేర్‌బాక్స్, అక్కడి నుంచి నేరుగా ప్రొపెల్లర్‌కు పోయే షాఫ్ట్, అన్నీ కంటికి కనిపిస్తాయి.

అయితే ఒక ఫిర్యాదు పదే పదే వింటున్నాను. "థ్రాటిల్ తోస్తే ఇంజన్ గుయ్యిమని అరుస్తోంది, బోటు మాత్రం కదలట్లేదు. గేర్‌బాక్స్ పోయిందట, విప్పాలట." ఆ "అట" దగ్గరే నా అభ్యంతరం. ఎవరూ కొలవలేదు, ఎవరూ చూడలేదు. గేర్‌బాక్స్ దింపి రీబిల్డ్ చేయించడం పెద్ద ఖర్చు. ఆ ఖర్చుకు భయపడి మంచి బోటును కారుచౌకగా వదిలేసుకున్నవాళ్ళున్నారు. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఎందుకంటే అదే లక్షణం చూపించే చిన్న చిన్న లోపాలు గేర్‌బాక్స్ బయటే చాలా ఉన్నాయి.

ఈ బోట్లలో చాలావాటికి ఉండేది బోర్గ్ వార్నర్ కంపెనీ వెల్వెట్ డ్రైవ్ గేర్‌బాక్స్. అది ఆయిల్ ప్రెషర్‌తో పనిచేస్తుంది. లోపలి పంపు ఆయిల్‌ను నొక్కుతుంది, ఆ ఒత్తిడికి పిస్టన్ ముందుకొచ్చి క్లచ్ ప్లేట్లను బిగించి పడుతుంది. ప్రెషర్ తగ్గితే పట్టు తగ్గుతుంది, ప్లేట్లు ఒకదానిమీద ఒకటి జారతాయి, వేడెక్కుతాయి, కాలిపోతాయి. మనకు పనికొచ్చే ఇంకో విషయం, ఇలా షాఫ్ట్ నేరుగా పోయే డైరెక్ట్ డ్రైవ్ బోట్లలో ఎక్కువగా వచ్చిన మోడల్‌కు ముందుకు నడిపే గేరు నిష్పత్తి 1:1. అంటే ఇంజన్ ఎన్ని చుట్లు తిరిగితే షాఫ్ట్ కూడా సరిగ్గా అన్నే తిరగాలి. ఒక్క చుట్టు కూడా తగ్గకూడదు. జారుడును రుజువు చేయడానికి ఇంతకన్నా మంచి ఆధారం లేదు.

లేజర్‌తో చుట్లు కొలిచే చిన్న ట్యాకోమీటర్ ఆన్‌లైన్‌లో చౌకగా దొరుకుతుంది. దానితో వచ్చే మెరిసే టేపు ముక్కలు మూడు కత్తిరించండి. ఒకటి ఇంజన్ ముందున్న క్రాంక్ పుల్లీ మీద, రెండోది గేర్‌బాక్స్ వెనక దాన్ని షాఫ్ట్‌తో కలిపే కప్లింగ్ మీద, మూడోది కప్లింగ్ దాటాక షాఫ్ట్ మీద అంటించండి. బోటు నీళ్ళలోనే ఉండాలి, ట్రైలర్ మీద లోడు ఉండదు కాబట్టి అక్కడ ఏమీ తేలదు. ఇంజన్ గదిలోని గాలిని బయటికి తోసే ఫ్యాన్, అదే బ్లోయర్, వేసి పెట్రోలు ఆవిరి పోనిచ్చాకే స్టార్ట్ చేయండి. ఒకరు నడపాలి, ఇంకొకరు కొలవాలి. కొలిచేవాళ్ళకు వేలాడే బట్టలు, విరబోసిన జుట్టు ఉండకూడదు, చెయ్యి తిరిగే భాగాల దగ్గరికి పోకూడదు. పిల్లలు ఆరోజు ఒడ్డునే ఉండాలి. ఈ విషయంలో మొహమాటం వద్దు.

ఇంజన్ నిమిషానికి 3000 చుట్ల దగ్గర నిలకడగా ఉన్నప్పుడు మూడు చోట్లా చదవండి. మూడూ ఒకటే వస్తే గేర్‌బాక్స్ నిక్షేపంగా ఉంది, దాని జోలికి వెళ్ళకండి. పుల్లీ 3000 చూపించి కప్లింగ్ 2600 చూపిస్తే, ఆ 400 చుట్లు క్లచ్‌లో పోతున్నాయి. పుల్లీ, కప్లింగ్ ఒకటే చూపించి షాఫ్ట్ తక్కువ చూపిస్తే, షాఫ్ట్ కప్లింగ్‌లోపలే తిరిగిపోతోంది. అక్కడ రెంటినీ కలిపి పట్టే కీ అనే చిన్న లోహపు ముక్క తెగి ఉండవచ్చు, కప్లింగ్ బిగువు పోయి ఉండవచ్చు. కొన్ని తర్వాతి మోడళ్ళలో నిష్పత్తి 1.23:1 ఉంటుంది. అప్పుడు ఇంజన్ చుట్లను 1.23తో భాగిస్తే షాఫ్ట్ చుట్లు రావాలి. నిష్పత్తి గేర్‌బాక్స్ మీది ప్లేటులో రాసి ఉంటుంది, ముందు అది చూడండి.

ట్యాకోమీటర్ లేకపోయినా ఒక పని చేయవచ్చు. ఇంజన్ ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకుని, కప్లింగ్ హబ్ మీది నుంచి షాఫ్ట్ మీదికి ఒకే గీత గీయండి. తెల్ల పెయింటు పెన్ను చాలు, ఇంట్లో ఉన్న నెయిల్ పాలిష్ అయినా పర్లేదు. ముందు గ్రీజు తుడిచేయండి, లేకపోతే గీత నిలవదు. ఆరాక గట్టిగా థ్రాటిల్ ఇచ్చి కొంతసేపు నడిపి మళ్ళీ చూడండి. గీత రెండు ముక్కలై, ఒక ముక్క పక్కకు జరిగి ఉంటే దొంగ దొరికినట్టే. గేర్‌బాక్స్‌కు ఏ సంబంధమూ లేదు.

ప్రొపెల్లర్ సంగతి క్లుప్తంగా చెబుతాను. అవుట్‌బోర్డ్ ప్రొపెల్లర్లకు ఉండే రబ్బరు హబ్ వీటికి ఉండదు, నేరుగా షాఫ్ట్ కొనమీద కీతో కూర్చుంటాయి. నాచు చుట్టుకున్నా, రెక్క వంగినా, పాత యజమాని తక్కువ పిచ్ (ఒక చుట్టుకు లెక్కప్రకారం ముందుకు జరిగే దూరం) ఉన్న ప్రొపెల్లర్ వేసినా ఇంజన్ చుట్లు పెరిగి వేగం రాదు. లెక్క సులువే. చుట్లను పిచ్ అంగుళాలతో హెచ్చించి 1056తో భాగిస్తే గంటకు మైళ్ళు వస్తాయి. 1:1 బోటులో 13 అంగుళాల పిచ్, 3300 చుట్లు అయితే సుమారు 40.6. నీళ్ళలో కొంత తరుగు సహజం కాబట్టి 36 వస్తే బోటు ఆరోగ్యంగా ఉన్నట్టే. వేగం ఫోన్ జీపీఎస్‌లో చూడండి, పాత స్పీడోమీటర్ గొట్టంలో చెత్త ఇరుక్కుంటే అది చెప్పేది నమ్మలేం.

ఇప్పుడు కప్లింగ్ దగ్గరే చుట్లు తగ్గుతున్నాయని తేలింది అనుకుందాం. అప్పుడూ విప్పకండి, ముందు ఆయిల్ చూడండి. వేడిగా ఉన్నప్పుడు ఇంజన్ ఆపిన వెంటనే చూడాలి. ఆలస్యమైతే ఆయిల్‌ను సరస్సు నీళ్ళతో చల్లబరిచే కూలర్‌లోని, గొట్టాల్లోని ఆయిల్ వెనక్కి దిగి మట్టం ఎక్కువగా కనిపిస్తుంది. ఎర్రగా, తేటగా ఉంటే మంచిదే. నల్లబడి మాడు వాసన వస్తే ప్లేట్లు కాలుతున్నాయి. గులాబి రంగు మిల్క్‌షేక్‌లా ఉంటే నీళ్ళు కలిశాయి. సాధారణంగా ఆ నీళ్ళు కూలర్ లోపల పగిలిన చోటు నుంచే వస్తాయి. చలికాలంలో నీళ్ళు తీయకుండా వదిలేస్తే కూలర్ పగులుతుంది. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ ఎలా గడ్డకట్టిందో ఇక్కడ ఎవరికీ గుర్తు చేయక్కర్లేదు. ముందు కూలర్ మార్చి, ఆ తర్వాత ఆయిల్ తేటగా వచ్చేదాకా మార్చాలి. నీళ్ళు ఎక్కువ కాలం ఉండిపోతే ప్లేట్ల మీది పూత ఊడిపోతుంది, అప్పుడు ఏ ఆయిలూ కాపాడలేదు.

తర్వాత షిఫ్ట్ కేబుల్. నా దృష్టిలో అందరూ వదిలేసేది ఇదే. ఇంజన్ ఆపి, డ్రైవర్ దగ్గరి లివర్ ముందుకు వేసి, గేర్‌బాక్స్ పక్కనున్న లివర్ దగ్గరికి వెళ్ళి చూడండి. అక్కడ స్ప్రింగ్ మీద ఒక చిన్న బాల్ ఉంటుంది, అది లివర్‌లోని గుంటలో పూర్తిగా కూర్చోవాలి. కేబుల్ సాగి లివర్ కాస్త ముందే ఆగిపోతే వాల్వ్ సగమే తెరుచుకుంటుంది, క్లచ్‌కు అరకొర ప్రెషర్ అందుతుంది. కేబుల్ పిన్ను తీసి, లివర్‌ను చేత్తో టక్కుమని కూర్చునేదాకా తోయండి. ఇప్పుడు కేబుల్ చివర దానంతట అది రంధ్రానికి సూటిగా రావాలి. రాకపోతే అడ్జస్ట్ చేయండి. దానితోనే జారుడు ఆగిపోతే పండగే.

అదీ సరిగ్గా ఉంటే గేర్‌బాక్స్ మీది టెస్ట్ ప్లగ్ తీసి ప్రెషర్ గేజ్ పెట్టండి. ఆయిల్ వేడెక్కాక, 2000 చుట్ల దగ్గర ఆరోగ్యంగా ఉన్న వెల్వెట్ డ్రైవ్ 100 పీఎస్ఐ పైనే చూపిస్తుంది. మీ మోడల్ మాన్యువల్‌లో అంకె చూసి పోల్చుకోండి. న్యూట్రల్‌లో కూడా తక్కువే ఉంటే పంపు, రెగ్యులేటర్ వాల్వ్, లేదా మూసుకుపోయిన ఆయిల్ జల్లెడ కారణం. న్యూట్రల్‌లో బాగుండి ముందుకు నడిపే గేరులో మాత్రమే పడిపోతే ఆ క్లచ్ సీళ్ళు లీకవుతున్నాయి. ప్రెషర్ నిండుగా ఉండి కూడా జారుతుంటే ప్లేట్లు అరిగిపోయాయి. చల్లగా ఉన్నప్పుడు బాగా పట్టి, వేడెక్కాక జారేవాటిలో సీళ్ళను, పంపును ముందు అనుమానించాలి. కూలర్ నోట్లో నాచు పేరుకుందేమో అదీ చూడండి.

ఇక్కడిదాకా వచ్చాక "గేర్‌బాక్స్ విప్పాలి" అంటే నేనూ ఒప్పుకుంటాను. ఆ క్షణం నుంచి స్కీయర్‌ను లాగడం మానేయండి. జారే ప్రతి నిమిషం లోపల లోహపు పొడి తయారవుతుంది, అది వాల్వుల్లోకీ కూలర్‌లోకీ పోతుంది. రీబిల్డ్ చేసినవాళ్ళు కూలర్, గొట్టాలు కడిగారా అని తప్పకుండా అడగండి. ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య కుదుపులు తట్టుకునే డ్యాంపర్ ప్లేట్ కూడా అప్పుడే చూడమనండి, ఐడిల్‌లో గలగలమనే చప్పుడు ఉంటే మరీ ముఖ్యం. వేరే పాత గేర్‌బాక్స్ కొని వేస్తుంటే పంపు మీది బాణం గుర్తు మీ ఇంజన్ తిరిగే దిక్కుతో సరిపోవాలి. స్కీ బోట్లలో ఎడమకు తిరిగే ఇంజన్లు చాలా ఉన్నాయి, పంపు తిరగబడితే ప్రెషరే రాదు. ఈ బోట్లలో ఇంజన్ వెనక మౌంట్లు సాధారణంగా గేర్‌బాక్స్ మీదే ఉంటాయి, కాబట్టి దింపేముందు ఇంజన్ వెనక భాగానికి గట్టి ఆధారం పెట్టాలి.

మళ్ళీ బిగించాక గేర్‌బాక్స్, షాఫ్ట్ ఒకే వరసలో ఉన్నాయా అనే అలైన్‌మెంట్ బోటు నీళ్ళలో ఉన్నప్పుడే చూడాలి. కప్లింగ్ రెండు ముఖాల మధ్య సందును, సన్నటి లోహపు రేకుల ఫీలర్ గేజ్‌తో నాలుగు వైపులా కొలిస్తే తేడా 0.003 అంగుళాలు దాటకూడదు. ఎవరికైనా ఫీలర్ గేజ్ కావాలంటే నా దగ్గర ఉంది, వచ్చి తీసుకెళ్ళండి. ఇక ప్రశ్నలు అడగండి.