కట్టెలో దొరికిన పురుగు ఎవరి పిల్ల?

శ్రోతలకు నమస్కారం. ఎండిన కొమ్మను చీల్చినప్పుడు లోపల సొరంగంలో తెల్లగా, మెత్తగా ఒక పురుగు కనిపిస్తుంది. చాలామంది దాన్ని విదిలించి పారేస్తారు. ఒక్క నిమిషం ఆగి చూడండి. అది ఏ కుటుంబానికి చెందిన పిల్లో దాని ఒళ్లే చెబుతుంది.

ఆ పిల్ల పొడవు మీసాల పెంకుపురుగుల కుటుంబానిదేనా అని ఎలా తేల్చుకోవాలో చూద్దాం. ఈ కుటుంబంలో 35,000కు పైగా జాతులున్నాయి. పెద్ద పురుగును మీసాలు చూసి ఎవరైనా పోల్చుకుంటారు. లార్వా దశలో, అంటే పిల్ల పురుగుగా ఉన్నప్పుడు, ఆ మీసాలు ఎంత చిన్నవంటే, భూతద్దం లేనిదే కనిపించవు. కాబట్టి మీసాల సంగతి పక్కన పెట్టి, ముందు తల చూడండి. తల చాలావరకు రొమ్ములోకి దూరిపోయి ఉంటుంది. నల్లటి గట్టి దవడలు మాత్రం బయటికి కనిపిస్తాయి. తల తర్వాతి ఖండం మిగతా వాటికంటే వెడల్పు.

ఆ తర్వాత వీపు చూడండి. వీపు చూశాక తిప్పి పొట్ట చూడండి. ఉదరంలోని మొదటి ఆరేడు ఖండాల మీద, పైనా కిందా కూడా ఉబ్బెత్తు బొడిపెలుంటాయి. ఈ పురుగులో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి ఈ బొడిపెలే. కాళ్లు లేని, ఉన్నా లెక్కలోకి రానంత చిన్నవైన జీవి చెక్కలో ఎలా నడుస్తుంది? ఇరుకు బావిలో దిగే మనిషి వీపును ఒక గోడకు, పాదాలను ఎదుటి గోడకు అదిమిపెట్టి జారకుండా నిలబడతాడు కదా, సరిగ్గా అలాగే. వెనక బొడిపెలను ఉబ్బించి సొరంగం గోడలకు బిగిస్తుంది, ముందు భాగాన్ని చాస్తుంది. ఆపైన ముందువాటిని బిగించి, వెనక భాగాన్ని లాక్కుంటుంది. దవడలతో చెక్క కొరకాలన్నా ఆ పట్టే ఆధారం. పైనా కిందా బొడిపెలు ఉన్నాయంటే మీ అనుమానం సగం తీరినట్టే.

మిగతా సగానికి జ్యూయల్ బీటిల్ లార్వాతో పోల్చాలి. జ్యూయల్ బీటిల్ అంటే మరో కుటుంబానికి చెందిన మెరిసే పెంకుపురుగు. దాని లార్వా కూడా చెక్కనే తొలుస్తుంది, దానికి కాళ్లుండవు. కానీ దాని రొమ్ము ముందు ఖండం బల్లపరుపుగా, బాగా వెడల్పుగా ఉంటుంది. నడిచేందుకు ఇలాంటి బొడిపెలు ఉండవు. శ్వాసరంధ్రాలు నెలవంక ఆకారంలో ఉంటాయి. మన పురుగుకైతే గుండ్రంగానో కోలగానో ఉంటాయి.

కుటుంబం తేలాక ఉపకుటుంబం. పొడవు మీసాల కుటుంబంలోని రెండు ఉపకుటుంబాలు లామియినే, సెరాంబిసినే. ఇక్కడ కాళ్లు సాయపడతాయి. లామియినే లార్వాలకు సాధారణంగా కాళ్లే ఉండవు, తల వెడల్పుకంటే పొడవు ఎక్కువ. సెరాంబిసినే లార్వాలకు సాధారణంగా సూదిమొనంత కాళ్లుంటాయి, తల అడ్డంగా వెడల్పు. జాతి పేరు చెప్పడం మాత్రం నిపుణుల పని. అందుకు తొందరపడకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ప్యూపా, అంటే లార్వాకూ పెద్ద పురుగుకూ మధ్య దశ, దొరికితే మీ అదృష్టం. కాళ్లు, మీసాలు, రెక్కల మొగ్గలు విడివిడిగా కనిపిస్తాయి. బాగా పొడవైన మీసాలున్న జాతుల్లో అవి పొట్ట మీద చుట్టలు చుట్టుకుని ఉంటాయి. అప్పుడిక సందేహమే ఉండదు.

నిపుణులకు పంపాలనుకుంటే ఒక్క పని మరవకండి. బతికున్న లార్వాను నేరుగా ఆల్కహాల్‌లో వేయకండి. వేస్తే అది నల్లబడుతుంది, చూడవలసిన గుర్తులన్నీ చెరిగిపోతాయి. ముందు మరిగే నీళ్లు దించి, అందులో కొద్ది నిమిషాలు ఉంచండి. తర్వాతే 70 నుంచి 80 శాతం ఆల్కహాల్‌లోకి మార్చండి. ముందు వేడినీళ్లు, తర్వాతే ఆల్కహాల్. సీసాలో ఒక చీటీ కూడా వేయండి: ఏ చెట్టు, కొమ్మా మానా, పచ్చిదా ఎండినదా, ఏ తేదీ. చీటీని పెన్సిల్‌తోనే రాయండి. పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.