పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో ఉయ్యాల

నమస్కారమండీ. ఎంఎస్సీ ఫిజిక్స్ చదివే పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ ఇద్దరూ వింటే బాగుండునని ఈ నాలుగు మాటలు రాసుకొచ్చాను. ఎందుకంటే థియరీలో, అంటే ప్రయోగాలు కాకుండా లెక్కలతో నడిచే ఫిజిక్స్‌లో, పీహెచ్‌డీ అనగానే మా కాలేజీకి వచ్చే తల్లిదండ్రులు నన్ను మొట్టమొదట అడిగేది, "ఎంతవుతుంది మేడమ్?" అనే.

అయ్యా, అమ్మా, పీహెచ్‌డీ చేసినన్నాళ్లూ మీ అమ్మాయికే నెలనెలా ఫెలోషిప్ డబ్బు ఇస్తారు. 2023 జనవరి నుంచి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ నెలకి 37,000 రూపాయలు. రెండేళ్లయ్యాక పని చూసి సీనియర్ ఫెలోషిప్ ఇస్తారు, అది 42,000. హాస్టల్ లేకపోతే ఇంటద్దె అదనం. సెమిస్టర్ ఫీజులాంటివి కొన్నిచోట్ల ఉంటాయి గానీ అవి ఆ డబ్బులోంచే వెళ్లిపోతాయి. మళ్లీ చెబుతున్నాను, నెలకి 37,000. పొలం అమ్మక్కర్లేదు.

ఇక దారులు. సైన్సు పిల్లలకి దేశమంతటా పెట్టే సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష రాసి జేఆర్ఎఫ్, అంటే ఇందాక చెప్పిన జూనియర్ ఫెలోషిప్, తెచ్చుకుంటే ఆ ఫెలోషిప్ మీతోపాటే వస్తుంది, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వెళ్లినా ఇంకోచోటికి వెళ్లినా. జెస్ట్ అని ఇంకో పరీక్ష ఉంది, మన పిల్లల్లో చాలామందికి దాని పేరే తెలియదు, అదే నా బాధ. ఏడాదికి ఒక్కసారే, మామూలుగా ఫిబ్రవరి, మార్చిల్లో పెడతారు. చెన్నైలోని మ్యాథమెటికల్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూట్, ప్రయాగ్‌రాజ్‌లోని హరీశ్‌చంద్ర ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట్ల ఇంటర్వ్యూకి పిలుపు రావడానికి అదొక గట్టి దారి. అక్కడ సీటొస్తే నెట్ లేకపోయినా ఫెలోషిప్ ఆ సంస్థే ఇస్తుంది. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్‌ది వేరే పరీక్ష, మామూలుగా డిసెంబరులో ఉంటుంది. అన్నట్టు ఆ చెన్నై సంస్థ 1962లో పెట్టింది అల్లాడి రామకృష్ణన్‌గారు, మన నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్‌గారి అబ్బాయి. అంతకుముందు ఇంట్లోనే కుర్రాళ్లని కూర్చోబెట్టి థియరీ సెమినార్లు నడిపేవారు. 1960లో అణువు నిర్మాణం మీద పనికి నోబెల్ అందుకున్న నీల్స్ బోర్ అంతటివాడు ఆ ఇంటికి వచ్చి వాళ్లతో మాట్లాడి వెళ్లాడు. నాకు ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది.

సరే, పరీక్ష గట్టెక్కారు, ఇంటర్వ్యూకి పిలిచారు. మంచి మార్కులొచ్చిన పిల్లలు కూడా ఇక్కడే జారిపోతున్నారు. మా స్టూడెంట్ ఒకమ్మాయి ఇంటర్వ్యూ నుంచి వచ్చి చెప్పింది చెబుతాను, పూర్తిగా చెబుతాను.

గదిలో నలుగురున్నారట. బోర్డు, సుద్దముక్క. ఏ సబ్జెక్టు ఇష్టమని అడిగితే ఈ పిల్ల క్వాంటమ్ మెకానిక్స్ అంది, రాత్రంతా అదే చదివింది కాబట్టి. వాళ్లు సరేనని, ముందు మెకానిక్స్ చూద్దాం అని ఒక లోలకం గీయమన్నారు. ఒక ఊపుకి ఎంతసేపు పడుతుంది, దేనిమీద ఆధారపడుతుంది? ఫార్ములా రాసేసింది. "ఫార్ములా వద్దు, మర్చిపోయావనుకో, ఎలా తెలుసుకుంటావు?" అన్నారు. దాంతో చేతులు చల్లబడిపోయాయంది. అప్పుడు వాళ్లూళ్లో అట్లతద్దికి చింతచెట్టుకి కట్టే ఉయ్యాల గుర్తొచ్చిందట. ఒక్కతే కూర్చున్నా చెల్లెల్ని ఒళ్లో పెట్టుకున్నా ఊపుకి పట్టే కాలం దాదాపు అంతే. ఎందుకని? మన దగ్గరున్నవి మూడు: బరువు కిలోల్లో, తాడు పొడవు మీటర్లలో, భూమి లాగే త్వరణం, అంటే సెకనుకి సెకనుకి ఇన్ని మీటర్లు. మనకి కావాల్సింది సెకన్లు. కిలోని కొట్టేయడానికి ఇంకో కిలో ఎక్కడా లేదు, కాబట్టి బరువు లెక్కలోకే రాదు. పొడవుని త్వరణంతో భాగించి వర్గమూలం తీస్తే సెకన్లు మిగులుతాయి. చూశారా, ఒక్క సమీకరణం సాధించకుండా సగం ఫార్ములా వచ్చేసింది! అంటే తాడు నాలుగు రెట్లు పెడితే ఊపుకి రెట్టింపు కాలం. అదే ఉయ్యాల చంద్రుడి మీద కడితే, అక్కడ ఆకర్షణ ఆరోవంతు కాబట్టి, దాదాపు రెండున్నర రెట్లు నిదానంగా ఊగుతుంది. బల్ల మీద నిలబడి ఊగితే? శరీరం బరువు కేంద్రం పైకి జరిగి, తాడు పొట్టిదైనట్టే, కాలం కాస్త తగ్గుతుంది. ఇవన్నీ గబగబా చెప్పేసింది.

తర్వాత ఒకాయన, "బాగా పెద్ద ఊపు ఊపితే కాలం పెరుగుతుందా, తగ్గుతుందా?" అన్నారు. ఇది తెలియదు. తెలియదనే చెప్పింది, చెప్పి ఊరుకోలేదు. "తాడు బదులు ఇనప కడ్డీ అనుకోవచ్చాండీ?" అని అడిగింది. అనుకోమన్నారు. కడ్డీని తిన్నగా నడినెత్తిదాకా తీసుకెళ్లి వదిలితే అది అక్కడే నిలబడిపోవచ్చు, కిందికి రావడానికి ఎంతకాలమైనా పట్టొచ్చు. అంటే పైకి పోయేకొద్దీ చివర్లో నిదానిస్తుంది, అంటే కాలం పెరగాలి. ఆయన నవ్వి, ఇక క్వాంటమ్‌కి వెళ్దాం అన్నారట. ఆ అమ్మాయికి సీటొచ్చింది. నేననుకోవడం, ఆ "తెలియదు" తర్వాత మాట్లాడిన రెండు నిమిషాలకే వచ్చింది.

విదేశాల సంగతి టూకీగా. అమెరికాలో అప్లికేషన్లు ఎక్కువగా డిసెంబరులోనే ముగుస్తాయి. అక్కడ కింది తరగతులకి పాఠం చెప్పిస్తూ ట్యూషన్ ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇస్తారు. అప్లికేషన్ ఫీజు భారమైతే మాఫీ చేయమని అడగండి, కొన్ని యూనివర్సిటీలు చేస్తాయి. రికమెండేషన్ లెటర్లు మామూలుగా మూడు కావాలి, చివరి రాత్రి ఫోన్ చేసి అడిగితే మాలాంటివాళ్లం రాసేది రెండు పొడి వాక్యాలే. నెల ముందు రండి, మీ ప్రాజెక్టులో మీరు చేసిందేమిటో ఒక పేజీ రాసి మా చేతిలో పెట్టండి.

కానీ ఇవాళ మీరు మొదలుపెట్టాల్సింది ఒక్కటే, నిలబడి, పైకి మాట్లాడుతూ లెక్క చేయడం. కుర్చీలో కూర్చుని నోట్సు చదివితే అన్నీ వచ్చినట్టే ఉంటుంది, సుద్దముక్క పట్టుకుంటే తెలుస్తుంది. ఆ అమ్మాయి ఇంట్లో బోర్డు లేదు, ఇనప బీరువా తలుపు మీద రాసేది. ఎదురుగా వాళ్లమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చునేవారు. ఆవిడకి ఫిజిక్స్ రాదు, అయినా మధ్యమధ్యలో "అదెందుకే?" అని అడిగేవారట. అడిగిన ప్రతిసారీ ఈ పిల్ల తలుపు తుడిచి మళ్లీ మొదటినుంచి రాసేది.