చిన్న బండితో మొదటిసారి హైవే మీద: లారీ పక్కన ఇరుక్కున్న ఆ 31 సెకన్లు

నమస్తే అండి. ఈ మధ్య నాకొచ్చే మెసేజ్‌ల్లో సగం ఒకే ప్రశ్న. "అన్నా, బండి నేర్చుకుని మూడు నెలలైంది, నాది 125 సీసీ, హైవే ఎక్కొచ్చా?" ఎక్కొచ్చు అని ఒక్క ముక్కలో చెప్పేసి కెమెరా కట్టేయొచ్చు. కానీ మొన్న పాత మెమరీ కార్డులు వెతుకుతుంటే నా మొదటి హైవే రైడ్ రికార్డింగ్ దొరికింది. అప్పుడు హెల్మెట్‌కి కెమెరా బిగించుకుని బయల్దేరాను. సరదాగా ఉంటుందని చూడటం మొదలుపెట్టి, పది నిమిషాలయ్యాక అరచేతుల్లో చెమటలు పట్టాయి. అదే మీకు వేసి చూపిస్తూ పక్కన మాట్లాడతాను. పరువు పోయే చోట్లు రెండు మూడున్నాయి. ఏదీ కట్ చేయలేదు.

వీడియో మొదలుపెట్టేముందు ఒక్క మాట. మీరు ఎక్కబోయే రోడ్డు మీదికి మీ బండిని రానిస్తారో లేదో ముందే కనుక్కోండి. అన్ని పెద్ద రోడ్లూ ఒకటి కాదు. జపాన్‌లో అయితే 125 సీసీ, అంతకంటే చిన్న బండ్లు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కనే కూడదు. రూల్ ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, గేటు దాకా వెళ్లి వెనక్కి రావడం కన్నా ఇంట్లోనే చూసుకోవడం నయం.

సరే, ప్లే చేస్తున్నా. ఇదిగో, హైవేలో కలిసే ర్యాంప్. మీటర్ చూడండి, 40. ఎంత పద్ధతిగా, ఎంత భయంభయంగా వెళ్తున్నానో. ర్యాంప్ అయిపోవస్తోంది, అప్పుడు గుర్తొచ్చింది వెనక్కి చూడాలని. అప్పటికే పక్క లేన్‌లో కార్లు దాదాపు 90లో పోతున్నాయి. నేను 40. ఇప్పుడు ఆగిపోతే సున్నా నుంచి లేవాలి, దూరితే వెనకవాడు బ్రేక్ తొక్కాలి. ఆ రోజు వెనకవాడే తొక్కాడు. పుణ్యాత్ముడు, హారన్ కూడా ఒక్కసారే కొట్టాడు.

పెద్ద బండికి ర్యాంప్‌లో చివరి ముప్పై మీటర్లు ఉన్నా చాలు, మనకి మొత్తం ర్యాంప్ కావాలి. ర్యాంప్ మొదట్లోనే మూడో గేర్‌లో ఉంచి ఇంజన్‌ని గట్టిగా అరవనివ్వండి. ఆ చప్పుడు వింటే కొత్తలో ఏదో పాడైపోతున్నట్టు అనిపిస్తుంది, ఏమీ కాదు. చిన్న ఇంజన్‌కి బలం అక్కడే ఉంటుంది. స్పీడ్ అందుకుంటూనే మిర్రర్, ఇండికేటర్, ఆ తర్వాత ఒక్క క్షణం భుజం మీదుగా తల తిప్పి చూడటం. మిర్రర్‌లో పడని కారు ఆ చూపులోనే దొరుకుతుంది.

ఇక్కడ చూడండి, మీటర్ 70. నెమ్మది లేన్‌లో ఉన్నా. బండి ఊగుతోంది కదా? రోడ్డు బాగానే ఉంది. ఊపుతున్నది నేనే. హ్యాండిల్‌ని ఎలా పట్టుకున్నానో చూడండి, మోచేతులు కర్రల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. గాలి నా ఛాతీని తోస్తోంది, ఛాతీ చేతుల్ని లాగుతోంది, చేతులు హ్యాండిల్‌ని కదుపుతున్నాయి. బండి అటూ ఇటూ అంటుంటే నేను భయపడి ఇంకా గట్టిగా పట్టుకుంటున్నా, అది ఇంకా ఊగుతోంది. తొడలతో ట్యాంక్‌ని పట్టుకుని, మోచేతులు కాస్త వంచి, వేళ్లు వదులు చేయగానే బండి తనంతట తనే తిన్నగా పోతుంది. నాకు ఆ సంగతి నలభై కిలోమీటర్ల తర్వాత తెలిసింది, అదీ చేతులు నొప్పెట్టి వదులు చేస్తే.

పక్కగాలి కొడితే ఏం చేయాలని కూడా అడిగారు. కుడి హ్యాండిల్‌ని మెల్లగా ముందుకి నెడితే బండి కుడికి వాలుతుంది, ఎడమది నెడితే ఎడమకి. చదివితే తిరకాసుగా ఉంటుంది, ఖాళీ రోడ్డు మీద 40లో ఒకసారి చేసి చూడండి, మీ ఒంటికి ఎప్పుడో తెలిసిన విషయమే అది. గాలి ఎటునుంచి తోస్తే అటువైపు హ్యాండిల్‌ని కొంచెం నెట్టి ఉంచడమే. వంతెన మొదలయ్యే చోట, వరసగా ఉన్న చెట్లు అయిపోయే చోట, గుట్టని తొలిచిన దారి లోంచి బయటపడే చోట దెబ్బ తగులుతుంది. ఆ చోట్లు ముందే కనిపిస్తాయి కాబట్టి ఒళ్లు సిద్ధంగా పెట్టుకోవచ్చు.

ఇప్పుడు అసలు కథ. ముందు ఒక లారీ. దగ్గరికి వెళ్తున్నా, ఇంకా దగ్గరికి, ఇంకా. ఇక్కడ ఆపుతున్నా చూడండి. లారీకీ నాకూ మధ్య పది మీటర్లు కూడా లేవు. మీటర్ 75. 75లో పది మీటర్లంటే అర సెకను. లారీవాడు బ్రేక్ వేస్తే, వేశాడని నా మెదడుకి చేరేలోపే నేను వాడి వెనక తలుపుకి అతుక్కుపోతాను. అయినా నేనెందుకంత హాయిగా ఉన్నానంటే, గాలి ఆగిపోయింది! అప్పటిదాకా చెవుల్లో హోరు, ఛాతీ మీద బరువు. లారీ చాటుకి రాగానే అంతా నిశ్శబ్దం. యాక్సిలరేటర్ సగం కూడా తిప్పలేదు, బండి పరిగెడుతోంది. నేనేమో బండికి భలే పికప్ వచ్చిందే అనుకుంటున్నా. ఆ పికప్ నాది కాదండి, లారీ అప్పిచ్చింది.

ఇదిగో, ఇండికేటర్ వేశాను. పక్క లేన్‌లోకి వచ్చాను. యాక్సిలరేటర్ ఫుల్. ఇప్పుడు మీటర్ మీదే కళ్లు పెట్టండి. 80. 81. లారీ నీడలోంచి మొత్తం బయటికొచ్చాను. 79. 78. యాక్సిలరేటర్ ఫుల్లుగానే ఉంది, స్పీడేమో పడిపోతోంది! లారీ వెనక చక్రాల పక్కన నేను, ముందుకి పోలేను, వెనక్కి రావాలని తోచలేదు. మిర్రర్‌లో ఒక కారు లైట్లు కొడుతున్నాడు. ఈ వీడియోలో లెక్కపెట్టాను, సరిగ్గా 31 సెకన్లు ఆ చక్రాల పక్కనే ఉన్నాను. నా తలకన్నా కాస్తే కిందికి ఉన్నాయి ఆ టైర్లు. చక్రం నట్లు తిరగడం ఒక్కొక్కటిగా కనిపించింది. వాటినే చూస్తున్నా, ఎటు చూస్తే బండి అటే జరుగుతుంది కదా, మెల్లగా వాటి వైపే జరుగుతున్నా. ఆ ఒక్క క్షణంలో తల ఎత్తి ముందు రోడ్డు చూశాను కాబట్టి ఇవాళ మీతో మాట్లాడుతున్నా.

ఎందుకలా అయిందో చెప్తాను. గాలి అడ్డు స్పీడుతో పాటు సమానంగా పెరగదు, స్పీడ్‌ని స్పీడ్‌తోనే గుణించినట్టు, దాని వర్గంలా పెరుగుతుంది. 60 నుంచి 90కి వెళ్తే స్పీడ్ ఒకటిన్నర రెట్లు, గాలి అడ్డు రెండుంబావు రెట్లు, ఆ గాలిని తోసుకుపోవడానికి కావాల్సిన పవర్ దాదాపు మూడున్నర రెట్లు. మామూలు 125 సీసీ బండి ఇచ్చేది 10, 11 హార్స్‌పవర్. 60లో అందులో కొంచెమే ఖర్చవుతుంది, మిగతాది చేతిలో ఉంటుంది. 85, 90 దగ్గర ఉన్నదంతా గాలికే పోతుంది. చిన్న ఎత్తు వచ్చినా, ఎదురుగాలి వచ్చినా ఇవ్వడానికి ఇంకేమీ లేదు. నా దగ్గర ఆ రోజు ఏమీ మిగల్లేదు. కనీసం నాలుగో గేర్‌కి దించి ఉన్నా ఇంజన్ అరిచేది కానీ కొంచెం లాగేది. నేను ఐదులోనే ఉండి యాక్సిలరేటర్‌ని తిప్పుతున్నా, అక్కడ తిప్పడానికి ఇంకేముందో మరి.

సరైన పని చాలా చిన్నది. యాక్సిలరేటర్ వదిలి, లారీని పోనిచ్చి, మళ్లీ దాని వెనక్కి చేరడం. సిగ్గేమీ లేదు. వెనక కూడా కనీసం మూడు సెకన్ల దూరంలో ఉండాలి. ముందున్న లారీ ఒక స్తంభం దాటగానే లెక్కపెట్టడం మొదలుపెట్టండి, మూడు అనేలోపు మీరు అదే స్తంభం దగ్గరికి వస్తే దగ్గరగా ఉన్నట్టే. అంత దూరంలో ఉంటే డ్రైవర్ ముఖం దాని అద్దంలో మీకు కనిపిస్తుంది. మీకు కనిపిస్తే మీరూ వాడికి కనిపించే అవకాశం ఉంది.

ఓవర్‌టేక్‌కి ఎంత దారి పడుతుందో వేసి చూడండి. లారీ 70లో పోతోంది, మీరు 80. పదహారు మీటర్ల లారీ, వెనక ఇరవై, దాటాక ముందు ఇరవై మీటర్లు. తేడా పది కిలోమీటర్లే కాబట్టి సుమారు 20 సెకన్లు పడుతుంది. ఆ 20 సెకన్లలో మీరు 450 మీటర్ల దాకా వెళ్లిపోతారు. మధ్యలో డివైడర్ లేని రోడ్డయితే ఎదురుగా అదే స్పీడులో వచ్చేవాడు ఇంకో 450. అంటే దగ్గర దగ్గర కిలోమీటరు ఖాళీగా కనిపించాలి! కనిపించిందా మీకెప్పుడైనా? అందుకే నేనిప్పుడు అలాంటి రోడ్డు మీద చిన్న బండితో లారీ వెనకే పాటలు పాడుకుంటూ వెళ్తాను. వాడు ఎక్కడో ఒక చోట ఆగుతాడు.

ఇంకో విషయం, మీ మీటర్ 80 అంటే మీరు 80లో ఉన్నట్టు కాదు. బండి మీటర్లు మామూలుగా కాస్త ఎక్కువే చూపిస్తాయి, అసలు 75 ఉండొచ్చు. పై లెక్కలో ఉన్న పది కిలోమీటర్ల తేడా సగం అక్కడే ఎగిరిపోయింది.

ముందుకి జరుపుతున్నా. ఇక్కడ మిర్రర్‌లో తెల్ల చుక్క ఉంది చూడండి. కారు. నేను 70, అతను సుమారు 120. తేడా 50, అంటే సెకనుకి పద్నాలుగు మీటర్లు. 200 మీటర్ల వెనకున్న చుక్క పద్నాలుగు సెకన్లలో నా పక్కన. హైవే మీద చిన్న బండికి ఎక్కువ ప్రమాదం వెనకనుంచే వస్తుందని నా నమ్మకం. కాబట్టి మిర్రర్ ఒకసారి చూసి మర్చిపోవడం కుదరదు, శ్వాస తీసుకున్నట్టు చూస్తూ ఉండాలి. బ్రేక్ వేసేముందు లీవర్‌ని కొంచెం నొక్కి వదిలి లైటు రెండుసార్లు వెలిగించండి. లేన్ అంచుకి మరీ నక్కి వెళ్తే పక్కనే దూరిపోవచ్చనుకుంటారు వెనకవాళ్లు. లేన్‌లో మీ చోటు మీరు తీసుకోండి.

బ్రేక్ సంగతి కూడా. పొడి రోడ్డు, మంచి టైర్లు అనుకుందాం. 60లో ఉంటే, చూసి తేరుకోవడానికి ఒక సెకను కలిపి ఆగడానికి 37 మీటర్లు పడుతుంది. 80 అయితే 58. ఇరవై పెంచితే ఇరవై ఒక్క మీటర్లు ఎక్కువ. సగానికి పైగా పని ముందు చక్రం బ్రేకే చేస్తుంది, దాన్ని గుంజకుండా పిండాలి.

బండి తయారీ గురించి ఎక్కువ చెప్పను, మీకు తెలిసిందే. టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి, చైన్ లూజు, బ్రేక్, లైట్లు. ఒక్క ఆయిల్ మాత్రం. చిన్న ఇంజన్‌లో పట్టేదే ఒక లీటరు అటూ ఇటూ. గంటల తరబడి ఫుల్ యాక్సిలరేటర్‌లో వెళ్తే అది తగ్గుతుంది. ఆ రోజు ఇంటికి వచ్చి ఆయిల్ కొలిచే కడ్డీ తీసి చూస్తే కింది గీతకి ఆనుకుని ఉంది. బయల్దేరినప్పుడు చూశానా? లేదు.

ఇది ఆఖరి ముక్క. గంటన్నర తర్వాత హైవే దిగుతున్నా. ర్యాంప్ వంపు తిరుగుతుంది, బోర్డు మీద 30 అని ఉంది. ఇక్కడ నా గొంతు వినండి, "అబ్బ, నడిచినట్టుంది" అంటున్నా. మీటర్ చూశారా? 55. గంటన్నర 75లో ఉన్న కంటికి 55 నడకలా కనిపించింది. వంపు బిగుసుకుంటోంది, బండి అంచుకి జారుతోంది, అంచు తెల్ల గీత మీద టైరు ఎక్కిన చప్పుడు కూడా వచ్చింది. బ్రేక్ వేశాను, పట్టింది.

ఇదిగో, పక్కన ఆపాను. హెల్మెట్ బకిల్ తీయడానికి ప్రయత్నిస్తున్నా. ఒక్క సిలిండర్ ఇంజన్ అదురుకి వేళ్లు తిమ్మిరెక్కి కదలడం లేదు. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి. మూడోసారికి కెమెరా బ్యాటరీ అయిపోయింది. బకిల్ ఐదోసారికి వచ్చిందని గుర్తు.