ఆ దారిని వెడల్పు చేయకండి
(వన్యప్రాణి వారోత్సవాల సందర్భంగా ఆత్మకూరులో చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, అటవీశాఖ మిత్రులకు, పిల్లలందరికీ నమస్కారం. తలుపు దగ్గర నిలబడినవాళ్లు లోపలికి రండి, ముందు వరసలో చోటుంది.

నన్ను పులి గురించి ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. పులి సంగతి నాకంటే బాగా చెప్పగలిగినవాళ్లు ఈ వేదిక మీదే ఉన్నారు. నేను మన కాలిదారి గురించి మాట్లాడతాను. ఇది చాలా రోజులుగా గుండెలో పెట్టుకున్న మాట. ఈ సభ దొరికింది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను.

వెంకటాపురం నుంచి శ్రీశైలం దాకా నడిచినవాళ్లు చేతులెత్తండి. సంతోషం. ఎత్తనివాళ్ల కోసం దారి చెప్తాను. వెంకటాపురం దాటితే నాగలూటి, అక్కడ వీరభద్రుడి గుడి. తర్వాత పెచ్చెరువు, చెరువు పక్కనే చెంచుల గూడెం. అటు మఠం బావి, భీముని కొలను. ఆ లోయలోకి దిగి మళ్లీ ఎక్కితే కైలాస ద్వారం. శ్రీశైలానికి మెట్లు కట్టించిన ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దపు రాజు. 1677లో శివాజీ మల్లన్న దర్శనానికి వచ్చాడు. ఆ కాలంలో రాజైనా పేదైనా ఏదో ఒక దిక్కున ఈ నల్లమల దాటకుండా ఆ కొండ చేరలేదు.

ఉగాదికి కన్నడ దేశం నుంచి వచ్చే భక్తులను మీరంతా చూసే ఉంటారు. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావించి సారె తెస్తారు. కొందరు కాళ్లకు కర్రలు కట్టుకుని నడుస్తారు. మన ఊళ్లో వాళ్లకు మజ్జిగ పోసి, కాళ్లు కడిగి పంపిన ఇళ్లున్నాయి. చెంచులకు మల్లన్న అల్లుడు. చెంచు మల్లయ్య అనే పిలుస్తారు. ఒక దారి మీద ఇన్ని చుట్టరికాలు ఇంకెక్కడ ఉన్నాయో చెప్పండి.

మా జేజి ఈ దారిన సద్దిమూట కట్టుకుని నడిచేది. నన్ను మొదటిసారి తీసుకుపోయినప్పుడు ఒకటే మాట చెప్పింది. "అడవిలో కేకలెయ్యొద్దురా, తల పైకెత్తి నడువు." తల పైకెత్తితే నాకు కనిపించింది బెట్టుడుత.

దాని గురించి కాస్త చెప్పనివ్వండి. ఇంటి వసారాలో తిరిగే ఉడుతను మరిచిపోండి. ఇది తోకతో కలిపితే మూడడుగులు దాకా ఉంటుంది. వీపు మీద ఎరుపు కలిసిన ముదురు గోధుమ రంగు, కింద లేత రంగు. ఎండ పడితే ఆ తోక మెరుస్తుంది. భీముని కొలను దగ్గర రెండు పెద్ద చెట్ల కొమ్మలు మా నెత్తిన దాదాపు కలిసిపోయి ఉన్నాయి. కింద జనం శివనామం చెప్పుకుంటూ పోతున్నారు. పైన అది కొమ్మ చివరి దాకా వచ్చి, ఆగి, ఒక్క దూకు దూకింది. అవతలి కొమ్మ కిందికి వంగి మళ్లీ లేచింది. కొన్ని ఆకులు మా జేజి మీద రాలాయి. ఆమె దణ్ణం పెట్టుకుంది.

తర్వాత చదివి తెలుసుకున్నాను. అది ఇరవై అడుగులు దూకగలదు. పుల్లలు, ఆకులతో కొమ్మల పంగల్లో గుండ్రటి గూళ్లు కడుతుంది. ఒకటి కాదు, నాలుగైదు చోట్ల. భయపడితే కొమ్మకు అతుక్కుపోయి కదలకుండా ఉంటుంది. నేల మీదికి రావడం దానికి ఇష్టముండదు. పుట్టుక, తిండి, నిద్ర, పిల్లలు అన్నీ చెట్ల పైనే. అంటే దానికీ ఒక దారి కావాలి. కొమ్మ పక్కన కొమ్మ ఉండాలి. మన దారి సన్నగా ఉంది కాబట్టే మన నెత్తి మీద దాని దారి తెగకుండా ఉంది.

నా బాధంతా ఇక్కడే. ఏటా శివరాత్రి ముందు ఎవరో ఒకరు ఈ దారిని వెడల్పు చేయాలని, జీపులు పోయేలా చదును చేయాలని అడుగుతూనే ఉంటారు. ఒక సమావేశంలో నేను లేచి బెట్టుడుత మాట ఎత్తితే, "ఉడుత కోసం భక్తులను ఇబ్బంది పెడతారా" అన్నాడు ఒక పెద్దమనిషి. చుట్టూ నవ్వారు. అయ్యా, బస్సులో పోవాలనుకునేవారికి దోర్నాల మీదుగా ఘాట్ రోడ్డు ఉంది. ఆ రోడ్డు మీద టైర్ల కింద నలిగిన పాములను, కుందేళ్లను చూస్తూనే ఉన్నాం కదా! రాత్రిపూట బండ్లు ఆపుతున్నది ఎందుకు? నడిచేవాళ్లకు నడిచే దారి చాలు. దాన్ని వెడల్పు చేయకండి. మెట్ల రాళ్లు కదిలితే సరిచేయండి, నీళ్లు పెట్టండి, వైద్య శిబిరం పెట్టండి. చెట్టు మాత్రం కొట్టకండి.

పులి గురించి చెప్పమన్నారు కాబట్టి ఇది కూడా. కొండముచ్చులు ఆకులు కోసి పడేస్తుంటే కింద దుప్పులు చేరి తింటాయి. పులి వస్తే పైనుంచి కొండముచ్చే ముందు అరుస్తుంది. ఆ అరుపు మనిషికీ పనికొస్తుంది. మన స్పీకర్ బాక్సుల్లో అది ఎవరికి వినిపిస్తుంది? ఫాల్గుణం, చైత్రం వచ్చేసరికి అడవి ఆకు రాల్చి ఎండిపోయి ఉంటుంది. పెచ్చెరువు నీళ్లు మనకెంత అవసరమో కణుజులకూ ఎలుగులకూ అంతే. ఆ గట్టు మీద మనం వదిలేసిన ప్లాస్టిక్ ప్లేట్లు చూస్తే నాకు ఏడుపొస్తుంది. అన్నదానం చేసే పుణ్యాత్ములకు చేతులు జోడించి అడుగుతున్నాను, మోదుగాకు విస్తర్లు వాడండి. మన చుట్టుపక్కల కుట్టేవాళ్లున్నారు, వాళ్లకూ నాలుగు రూపాయలు వస్తాయి.

టైమ్ అయిందని సార్ చూపిస్తున్నారు. ఒక్క నిమిషం. ఈ అడవి టైగర్ రిజర్వు, మామూలు రోజుల్లో మనం లోపలికి పోకూడదు, పోవద్దు కూడా. శివరాత్రికి, ఉగాదికి దారి తెరుస్తారు. అప్పుడు వెంకటాపురం దగ్గర నిలబడి నడిచేవాళ్ల చేతిలో కవర్లు తీసుకుని గుడ్డసంచులు ఇవ్వడానికి నాకు మీలో కొందరు కావాలి. సంచులు మా వీధి దర్జీలు కుట్టిస్తామన్నారు. ఫారెస్టు వాళ్ల అనుమతి అడిగే పని నాది. రాగలిగినవాళ్లు పోయే ముందు మీ జువాలజీ మేడమ్ దగ్గర పేర్లు రాయించండి. అమ్మాయిలు ఇంట్లో చెప్పి రాయించండి. మీ నాన్నగారు వద్దంటే నేనే వచ్చి మాట్లాడతాను.