కొత్త టైరు సరే, రిమ్ము మాటేమిటి?

(విశ్వకర్మ పూజ సాయంత్రం రాయగడలో టైరు షాపు కుర్రాళ్లు, మెకానిక్కులు, కారు డ్రైవర్ల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పెద్దల పేర్లన్నీ అధ్యక్షులవారు ముందే చదివేశారు, అందుకని నేరుగా విషయంలోకి వస్తాను. ఇవాళ జాకీకి, కంప్రెసరుకి, టైరు మెషీనుకి బొట్టు పెట్టి దండ వేశారు. రేపు పొద్దున్న ఆ మెషీను మీదికి ఏదో ఒక బండి అలాయ్ చక్రం ఎక్కుతుంది. ఎక్కింది ఎక్కినట్టే దిగాలి. నేను అడగడానికి వచ్చింది అదే. రిమ్ము మూడు చోట్ల దెబ్బతింటుంది: పాత టైరు ఊడదీసేటప్పుడు, కొత్తది ఎక్కించేటప్పుడు, చక్రాన్ని తిరిగి బండికి బిగించేటప్పుడు. వరసగా చెబుతాను.

ముందు అలాయ్ సంగతి. అది అల్యూమినియం, ఇనుప రిమ్ములా మొండిది కాదు. ఇప్పుడొచ్చే బళ్లలో చాలావాటికి డైమండ్ కట్ చక్రాలు ఉంటున్నాయి. ఆ మెరుపు రంగుది కాదు. లోహాన్నే లేతు మీద సన్నగా చెక్కి, పైన క్లియర్ కోటు వేస్తారు. ఆ కోటు మీద గోరంత గీత పడితే చాలు, మన వానల్లో తడి దాని కిందికి పాకుతుంది. కొన్ని నెలలకి తెల్లటి చారలు లేస్తాయి. రంగు డబ్బా తెచ్చి పూస్తే కలవదు. మళ్ళీ లేతు ఎక్కించాలి, ఎక్కించిన ప్రతిసారీ కొంత లోహం పోతుంది. ఎన్నిసార్లైనా చేయించుకునే పని కాదది.

ఊడదీయడం. వాల్వు పిన్ను తీసి గాలి పూర్తిగా వదలండి, సగం గాలితో, టైరుని రిమ్ము నుంచి విడదీసే మెషీను పార నొక్కవద్దు. చక్రం సమంగా తిరగడానికి అంచుకి పెట్టిన పాత వెయిట్లు ముందే తీసెయ్యండి. పార రిమ్ము అంచుకి ఒక సెంటీమీటరు అవతల, రబ్బరు మీద పడాలి. అంచు మీద పడితే అలాయ్ చిట్లుతుంది. మరీ లోతుకి పోతే జారి రిమ్ము లోపలి గోడకి తగులుతుంది. ఒకే చోట బలంగా నొక్కేకంటే చక్రం తిప్పుకుంటూ మూడు నాలుగు చోట్ల కొంచెం కొంచెం నొక్కండి. వాల్వు ఉన్న వైపు మాత్రం పార పెట్టకండి. గాలి ఒత్తిడి చెప్పే సెన్సరు ఉన్న బళ్లలో అది వాల్వుకే అతికి లోపల ఉంటుంది, ఒక్క నొక్కుకి పోతుంది.

మెషీను పళ్లెం మీద నాలుగు దవడలు ఉంటాయి కదా. అలాయ్‌ని బయటి నుంచి పట్టాలి, దవడలకి ప్లాస్టిక్ తొడుగులు ఉండాలి. తొడుగు అరిగి లోపలి ఇనుము బయటపడ్డాక కూడా దాంతోనే నడిపించేస్తున్నారు. పైన టైరు ఎక్కించే తల కూడా అంతే. దానికీ రిమ్ముకీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉండాలి, ప్లాస్టిక్ ముక్క అరగ్గానే మార్చాలి. షాపు యజమానులకి చేతులు జోడించి చెబుతున్నాను, మెషీనులో అతి చవక సామాను అదే. అది కొనివ్వకుండా గీత పడిందని కుర్రాణ్ణి తిట్టడం న్యాయం కాదు.

ఎక్కించడం. రిమ్ములో కూర్చునే టైరు అంచుని బీడ్ అంటాం. దాని లోపల ఉక్కు తీగలుంటాయి, అది సాగదు. రిమ్ము మధ్యలో పల్లం ఉన్నది దీనికోసమే. ఇరుకు గాజు తొడిగేటప్పుడు చెయ్యి ముడిచినట్టు, ఒక పక్క బీడ్‌ని పల్లంలోకి దింపితేనే ఎదుటి పక్క అంచు దాటుతుంది. బీడ్ పల్లంలో లేకుండా మెషీను తిప్పితే బలమంతా తల మీద, బీడ్‌ని పైకెత్తే రాడ్డు మీద పడుతుంది, అక్కడి నుంచి రిమ్ము మీదికి వస్తుంది. చెయ్యి బరువుగా ఉందంటే ఆపి, ఎదుటి పక్క చూడండి. పల్లం ఏ అంచుకి దగ్గరగా ఉంటే ఆ అంచు పైకి ఉండాలి. కొన్ని చక్రాలకి అది వెనక అంచు అవుతుంది, వాటిని బోర్లా పెట్టాలి. సైడ్‌వాల్ అంటే పక్క గోడ తక్కువున్న టైరు, 50, 45 సిరీస్‌ది, ఇంకా గట్టిగా ఉంటుంది. కోరాపుట్ వైపు చలికాలం పొద్దుట పూట మరీను. టైరుని కాసేపు ఎండలో పెట్టి మొదలుపెట్టండి.

టైరు జారడానికి వాడే పేస్టు రెండు బీడ్‌లకీ, రిమ్ము అంచుకీ రాయాలి. పాత ఇంజనాయిలు, డీజిలు వద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది. బట్టల సబ్బు నీళ్లు అల్యూమినియానికీ సెన్సరుకీ మంచివి కావు.

ఇక్కడ నా వరస తప్పుతోంది. ఆ బల్ల మీద నట్లు బిగించే ఎయిర్ గన్నుకి కుంకం పెట్టి ఉంది, అది కళ్లకు కనిపిస్తుంటే మిగతాది ముందుకి సాగడం లేదు. ఈ ఊళ్ళో రిమ్ములకి అన్నిటికన్నా ఎక్కువ చేటు చేస్తున్నది ఆ గన్నే. చాలా గన్నులకి నట్టు తిప్పే బలం, అంటే టార్కు, 500 న్యూటన్ మీటర్లకి పైనే ఉంది. మామూలు కార్ల నట్లకి కావలసింది బండిని బట్టి సుమారు 85 నుంచి 110. మీ బండికి ఎంతో మాన్యువల్లో రాసి ఉంటుంది. ట్రిగ్గరు పట్టుకుని "టర్ర్" అని చప్పుడు ఆగేదాకా వదలకపోతే ఏమవుతుంది? కోను నట్టు మెత్తటి అలాయ్ గుంటని నలిపేస్తుంది. నట్టు ఎక్కే బోల్టు, అంటే స్టడ్డు, సాగుతుంది. బ్రేకు డిస్కు వంకరపోయి స్టీరింగు వణుకుతుంది. సాకెట్టు గిర్రున తిరిగి నట్టు చుట్టూ రంగు చెక్కేస్తుంది. నట్టు గుంటలో గుండ్రటి గీత కనిపిస్తే అది గన్ను పనే.

వెనక నిలబడ్డ డ్రైవరు బాబులు చెయ్యి ఎత్తండి: మీ డిక్కీలో ఉన్న పానాతో మీ నట్లు మీరు ఊడదీయగలరా? ఎప్పుడైనా చూసుకున్నారా? రాత్రిపూట ఘాటీలో పంచరైతే, బండిలో ఆడవాళ్లు మాత్రమే ఉంటే, గన్నుతో బిగించిన నట్టుని ఎవరు విప్పుతారు?

పద్ధతి ఇది. చక్రం ఆనే హబ్బు ముఖం మీద తుప్పు వైరు బ్రష్షుతో గీకండి, లేకపోతే చక్రం సమంగా కూర్చోదు. మొదటి నాలుగైదు చుట్లు నట్టుని చేత్తోనే తిప్పండి. తర్వాత ప్లాస్టిక్ తొడుగున్న సాకెట్టుతో ఎదురెదురుగా ఆనేదాకా బిగించండి. అయిదు నట్లుంటే నక్షత్రం వరసలో. టైరు నేలకి ఆనేలా జాకీ దించి, పెట్టిన టార్కు రాగానే క్లిక్కుమనే టార్క్ పానాతో ఒక్క క్లిక్కు. రెండోసారి లాగవద్దు. స్టడ్డుకి నూనె రాయవద్దు, అదే టార్కుకి బిగువు పెరిగిపోతుంది. టార్క్ పానా లేదా? లెక్క వేసుకోండి: పావు మీటరు పానా చివర నలభై కిలోల బలం పెడితే వంద న్యూటన్ మీటర్లకి దగ్గర. డెబ్బై కిలోల మనిషి దాని మీదెక్కి నిలబడితే 170 దాటింది. ఎగిరితే ఇంకెంతో.

మిగిలినవి తొందరగా చెబుతాను. గాలి కొట్టి బీడ్ కూర్చోబెట్టేటప్పుడు 40 పీఎస్ఐ దాటకూడదు. కూర్చోకపోతే గాలి తీసి, పేస్టు రాసి, మళ్ళీ కొట్టండి. రబ్బరు వాల్వుని కొత్త టైరుతో పాటు మార్చండి. అలాయ్ అంచుకి క్లిప్పు వెయిటు సుత్తితో కొట్టవద్దు. లోపలి వైపు స్పిరిట్‌తో తుడిచి అంటించేవి వాడండి. పాతవాటిని స్క్రూడ్రైవరుతో కాదు, ప్లాస్టిక్ రేకుతో గీకండి.

బండి ఇచ్చేవాళ్లకి ఒక మాట. పని మొదలవ్వకముందే మిస్త్రీతో కలిసి నాలుగు చక్రాలూ చూసి, ఫోనులో ఫొటోలు తీయండి. పాత గీతలు ఇద్దరికీ తెలిసి ఉంటే తర్వాత గొడవ ఉండదు. పనయ్యాక మళ్ళీ చూడండి. వెనక అంచున సమాన దూరంలో నాలుగు నొక్కులుంటే దవడలవి. ముందు అంచున పొడుగ్గా గుండ్రంగా గీసుకుపోతే తలది. ఒక్కచోట లోతుగా లొట్ట ఉంటే రాడ్డుది. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక వచ్చి నట్లు మళ్ళీ చూపించుకోండి. షాపువాళ్లు దీనికి డబ్బులు అడగకండి.

టార్క్ పానా ఒకటి తెచ్చాను, గన్ను పక్కన పెట్టించాను. బయట తెల్ల బండి నట్లు వదులు చేసి ఉంచారు, ఓనరుగారు ఒప్పుకున్నారు. కుర్రాళ్లు ముందుకి రండి, తలో నట్టు బిగిద్దాం.